ముడుపు మోసిన అత్తగారు

సుభాషిణి టీవీలో అత్తగారు. పదిహేడేళ్లుగా ఆమెకు అదే వృత్తి. ఎనిమిది సీరియళ్లలో పదకొండు మంది కోడళ్లను ఏడిపించింది. పాయసంలో ఉప్పు పోసింది, మెట్ల మీద నూనె ఒలకబోసింది, కోడలికి వచ్చిన ఉత్తరాలు పొయ్యిలో పెట్టింది. ఆమె గొంతు లేచిందంటే పక్కింటివాళ్లకు కూడా సీరియల్ ఏ ఘట్టంలో ఉందో తెలిసిపోయేది. బయట కనిపిస్తే ఆడవాళ్లు ముందు తిట్టి, తర్వాత పక్కన నిలబడి ఫోటో దిగేవాళ్లు. ఇంత చేసిన మనిషి మాట సొంతింట్లో ఎవరూ వినరు. అది వేరే సంగతి.

మొన్న దసరాకు ఆమె చేస్తున్న సీరియల్లో అత్తగారి ఫోటోకు దండ వేసేశారు. అంటే ఉద్యోగం పోయిందన్నమాట. మూడు నెలలు ఖాళీగా కూర్చున్నాక ఒక ఛానెల్ నుంచి పిలుపు వచ్చింది. ముగ్గురు ప్రముఖులు, పాత క్రైస్తవ యాత్రామార్గం, ఎడారిలో ఆరు రోజుల నడక. దుబాయ్‌లోనా అని ఆమె నోరెళ్లబెట్టింది. దుబాయ్ కాదు మేడం, అబూధాబీకి పడమర అన్నారు వాళ్లు. మనవాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి ఆమె అందరికీ దుబాయ్ వెళ్తున్నానని చెప్పి విమానం ఎక్కింది.

అక్కడ సర్ బనీ యాస్ అనే దీవి మీద పదమూడు వందల ఏళ్ల నాటి మఠం ఉంది. ఇప్పుడు మోకాలెత్తు గోడలే మిగిలాయి. వెనకటికి యాత్రికులు పడవల మీద వచ్చేవారని చదువుకున్నవాళ్లు అంటారు. పడవలో కూర్చుంటే టీవీకి ఏముంటుంది? అందుకని ఛానెల్ వాళ్లు తీరం వెంబడి తామే ఒక దారి గీసి, దీవికి పడవలు బయలుదేరే జబల్ ధన్నా దాకా లాగి, దానికి యాత్రామార్గం అని పెద్ద అక్షరాల్లో పేరు పెట్టారు. దేవుడికి అభ్యంతరం లేకపోతే మనకెందుకు?

సుభాషిణితో పాటు నడవాల్సింది ఇద్దరు. రాజశేఖర్ గుడివాడ వైపు గాయకుడు, అరవై దాటినవాడు, క్రిస్మస్ పాటల పుణ్యమా అని ప్రతి చర్చిలోనూ తెలిసిన గొంతు. ఫరాజ్ హైదరాబాద్ కుర్రాడు, డాన్సు పోటీలో గెలిచి పేరు తెచ్చుకున్నాడు. వాడికి నడక తప్ప అన్నీ వచ్చు. వీళ్లను నడిపించే దర్శకురాలు నవత. ముప్పై ఏళ్ల పిల్ల, చేతిలో ఎప్పుడూ రెండు ఫోన్లు, మొహంలో ఎప్పుడూ మూడు కంగారులు.

మొదటి రోజు నిజంగానే నడిచారు. రెండు కిలోమీటర్లు. ఆరంభ శూరత్వం అంటే అదే. దారిలో పెట్రోలు బంకు దగ్గర సుభాషిణి మోకాలు పట్టుకుని కూలబడితే నవత చుట్టూ చూసి, మేడం, వ్యాన్ ఎక్కండి అంది. ఎక్కారు. ఏసీ చల్లగా తగిలింది. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. రోజుకు మూడు చోట్ల దిగడం, కెమెరా ముందు రెండు వందల అడుగులు ఆయాసపడుతూ నడవడం, మళ్లీ ఎక్కడం. మేకప్ అమ్మాయి ఒక డబ్బా నిండా ఇసుక పెట్టుకుని, దిగేముందు అందరి బూట్లకూ శ్రద్ధగా పూసేది. రాత్రికి ఆ నడక ఇక్కడా అక్కడా తెలుగిళ్లన్నిటిలో టీవీలో వచ్చేది. తిలాపాపం తలా పిడికెడు అనుకుని అందరూ హాయిగా నిద్రపోయేవారు.

వ్యాన్ నడిపేవాడు లాల్ అహ్మద్. రాయచోటి మనిషి, ఈ రోడ్ల మీద ఇరవై రెండేళ్ల అనుభవం. అతను ఏమీ అనేవాడు కాదు. తలుపు తీసేవాడు, వేసేవాడు.

నాలుగో రోజు ఆదివారం. రువైస్ ఊరి మొగదల వ్యాన్ ఆపి, పావు కిలోమీటరు నడిచి ఒక దృశ్యం తీసుకుందామనుకున్నారు. మలుపు తిరిగేసరికి ఎదురుగా నలభై మంది. అందరూ తెలుగువాళ్లు. రిఫైనరీ చుట్టుపక్కల పనిచేసేవాళ్లు, క్యాంపుల్లో ఉండేవాళ్లు, సెలవు రోజు కదా అని ఉతికిన చొక్కాలు తొడుక్కుని వచ్చారు. లబన్ అని అక్కడ అమ్మే చిలికిన పెరుగు సీసాలు బకెట్లో గుమ్మరించి, అల్లం, కరివేపాకు వేసి మజ్జిగ కలిపారు. నేల మీద చాప పరిచారు. చాప పక్కన స్టీలు బేసిన్, నీళ్లు, తువ్వాలు. వాటి వెనక కొంగు నడుముకు చుట్టిన ఒక ఆడమనిషి నిలబడి ఉంది.

ఆమె పేరు గౌరవ్వ. జగిత్యాల దగ్గరి పల్లె. రువైస్ కంపెనీ క్వార్టర్లలో పదకొండేళ్లుగా మెట్లూ వరండాలూ తుడుస్తుంది. మూడు రాత్రులుగా ఈ నడకను ఫోన్‌లో చూస్తూ వచ్చింది. వాళ్ల వైపు మొక్కుకుని నడిచేవాళ్లు ఊళ్లోకి వస్తే కాళ్లు కడిగి సాగనంపుతారు. ఏ దేవుడి దగ్గరికి పోతున్నావని అడగరు. నడుస్తున్నావా లేదా, అంతే. ఈ ముగ్గురూ టీవీ కోసం నడుస్తున్నారన్న ఆలోచనే ఆమెకు రాలేదు. అన్ని కోసులు ఊరికే ఎవరు నడుస్తారు?

సుభాషిణిని చాప మీద కూర్చోబెట్టి ఆమె మొహంలోకి తేరిపార చూసింది.

"సీరియల్ల నిన్ను జూసి ఎన్ని మెటికలు విరిచిన్నో నాకే ఎరుక. కని నడిసొచ్చిన మనిషిని తిట్టొద్దంటరు. కాళ్లు సాపు."

వద్దని చెప్పేలోగా బూటు ఊడింది. బూటు నిండా దుమ్ము. లేసు లోంచి కూడా రాలింది. మేకప్ అమ్మాయి పనిలో వంక పెట్టడానికి లేదు. మేజోడు ఊడింది. లోపలి పాదం తెల్లగా, మెత్తగా, గులాబీ రంగు గోళ్లతో, పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలా బయటికొచ్చింది. అబూధాబీలో దిగిన రోజే పార్లర్‌లో చేయించుకున్న పాదం అది.

గౌరవ్వ ఆ పాదాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. మడమ చూసింది. వేళ్ల సందులు చూసింది. అయిపోయింది, పట్టుబడ్డాం అనుకుంది సుభాషిణి.

గౌరవ్వ కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా చెప్పింది.

"బూట్లు జూడుండ్రి, పాదం జూడుండ్రి. నాలుగు దినాల సంది నడుస్తుంది, ఒక్క బొబ్బ లేదు. ఈమెను దేవుడే ఎత్తుకొని తెస్తుండు."

నలభై మంది చేతులు జోడించారు. ఫరాజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా నవ్వు ముక్కులోంచి తన్నుకొచ్చింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. సుభాషిణికి అబద్ధం కంటే ఆ నవ్వు ఎక్కువ తగిలింది. తల వంచుకుంది. అది భక్తి అనుకుని గౌరవ్వ ఇంకాస్త భక్తిగా కాళ్లు తుడిచింది.

తుడిచాక కొంగు ముడి విప్పి పసుపు గుడ్డ మూట ఒకటి తీసింది. గుప్పెడు బియ్యం, ఒక నాణెం, పసుపుకొమ్ము. ముడుపు. ఆమె మొగుడు పర్శరాములు ఉండేది దుబాయ్‌లో సోనాపూర్ క్యాంపులో. ఈమె ఉండేది రువైస్‌లో. ఒకే దేశం, మధ్యలో బస్సులు మారుతూ ఒక పగలంతా పట్టే దూరం. పదకొండేళ్లలో వాళ్లిద్దరూ ఒక కప్పు కింద ఉన్నది పండగ సెలవుల్లో తప్ప లేదు. ఇప్పుడు రువైస్‌లో ఒక కంపెనీ అతన్ని తీసుకుంటానంది. పాత కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, విడుదల కాగితం మీద సంతకం పెట్టాలి. కాగితం ఆయన బల్ల మీద ఆరు నెలలుగా ఉంది.

"ఇది ఎవరికియ్యాల్నో అని నాలుగు దినాల సంది ఆలోచిస్తున్న. నీ కాళ్లు జూసినంక నాకు డౌటు లేదు. ఒక్కటే మాట. ముడుపు పట్టుకున్న మనిషి బండెక్కదు. బండెక్కితే ముడుపు సచ్చిపోతది. నీకు నేను జెప్పాల్నా, నువ్వెట్లయినా నడుసుడే గదా."

నవత దూరం నుంచి వద్దు వద్దని తల ఊపుతూనే ఉంది. పదిహేడేళ్లుగా దర్శకుల సైగలు తప్ప వేరే లోకం తెలియని సుభాషిణి ఆ సైగను చూడనట్టు రెండు చేతులూ చాచి ముడుపు అందుకుంది. ఎందుకు అందుకుందో ఆమెకే తెలియదు. ఆ మనిషి మొహం చూసి వద్దనడానికి నోరు రాలేదు, అంతే.

మజ్జిగ తాగి, దండాలు అందుకుని, మలుపు తిరిగారు. గోడ చాటున వ్యాన్ సిద్ధంగా ఉంది. రాజశేఖర్ ఎక్కాడు. ఫరాజ్ ఎక్కాడు. సుభాషిణి తలుపు దగ్గర ఆగిపోయింది. మింగలేక కక్కలేక నిలబడిన ఆమెను లాల్ అహ్మద్ అద్దంలోంచి చూశాడు, కిందికి దిగి వచ్చాడు. ఆరు రోజుల కార్యక్రమంలో అతను మొదటిసారి తనంతట తాను మాట్లాడాడు.

"మాకాడ గూడా దర్గాకు చద్దర్ ఎత్తుకోని నడిచేటోళ్లు బస్సెక్కరు మా. మీరు ఎక్కుతానంటే తలుపు తీస్తా. తీసేది నా పని. ఎక్కేది మీ ఇష్టం."

సుభాషిణి ముడుపు వైపు చూసింది. మొదటిరోజు మనం ఈ బండి ఎక్కిందెక్కడ అని అడిగింది. పెట్రోలు బంకు ముందర అన్నాడు. అక్కడి నుంచి పడవలెక్కే జెట్టీ ఎంత దూరం? అరవై కిలోమీటర్లు.

"రేపు తెల్లవారేసరికి నన్ను ఆ బంకు దగ్గర దింపు నాయనా. అక్కడి నుంచి నడుస్తాను. అక్కడికి పోవడానికి బండెక్కాలి కాబట్టి, అందాకా ఈ ముడుపు పట్టుకుని ఎవరైనా ఇక్కడే కూర్చోవాలి."

నవత కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడింది. మూడు భాగాలు ప్రసారమైపోయాయి, మళ్లీ వెనక్కి వెళ్లి నడిస్తే జనం ఏమనుకుంటారు, బుధవారం మూడు గంటల పడవకు అనుమతి ఉంది, అది తప్పితే మళ్లీ ఎప్పుడో, మీ మోకాళ్లు చూశారా మేడం అని ఏకబిగిన చెప్పింది. అన్నీ నిజాలే. సుభాషిణి అన్నిటికీ తల ఊపింది. ఊపుతూనే బూట్లలోని ఇసుక దులుపుకుంది.

అప్పుడు వ్యాన్‌లోంచి రాజశేఖర్ దిగాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ ఏటా ఫిబ్రవరిలో గుడివాడ నుంచి గుణదల మాత కొండ దాకా చెప్పుల్లేకుండా నడిచేదట. ఒకసారి జ్వరంతో ఉంటే తండ్రి సగం దారి ఎడ్లబండి మీద తీసుకెళ్లాడు. ఆవిడ మరుసటి వారం వెనక్కి వెళ్లి బండి ఎక్కిన చోటి నుంచే మళ్లీ నడిచి వచ్చింది. నాలుగు రోజులుగా మా అమ్మ కలలోకి వచ్చి నా వంక అదోలా చూస్తోంది అన్నాడు ఆయన. ఆ ఆదివారం సాయంత్రమంతా ముడుపు పట్టుకుని రువైస్ గోడ నీడలో కూర్చున్నదీ, మర్నాడు దాన్ని తీసుకుని ఎదురు నడిచి వచ్చి దారిలో ఆమె చేతికి ఇస్తానన్నదీ ఆయనే.

ఫరాజ్ మాత్రం వ్యాన్‌లోనే కూర్చుని చాలాసేపు ఫోన్ చూసుకున్నాడు. తర్వాత దిగి, "ఆంటీ, నవ్వినందుకు సారీ. నేనూ వస్తా" అన్నాడు. వాడి తరం వాళ్లకు క్షమాపణ తొందరగా వస్తుంది. అది మంచిదే.

సోమవారం పొద్దున పెట్రోలు బంకు దగ్గర సూర్యుడు, సుభాషిణి కలిసి లేచారు. మొదటి ఐదు కిలోమీటర్లు ఆమె గొణుగుతూ నడిచింది. తర్వాతి ఐదు గొణగడానికి ఊపిరి చాల్లేదు. ఎడమ పక్క ఇసుక, కుడి పక్క నీలంగా సముద్రం, మధ్యలో రోడ్డు పక్కన మెత్తటి కంకర దారి. వెనక లాల్ అహ్మద్ వ్యాన్‌ను నడక వేగంతో తోలుతూ వచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఇంత మెల్లగా ఎప్పుడూ నడపలేదని, కాలికి బ్రేకు మీద తిమ్మిరెక్కిందని, నడిచేవాళ్లే నయమని ఒకటే సణుగుడు. పొద్దు వాలేసరికి ఎదురుగా రాజశేఖర్ కనిపించాడు. తలకు తువ్వాలు, చేతిలో ముడుపు, నోట్లో పాట.

నవత ఆ సోమవారమంతా అలిగి వ్యాన్‌లో కూర్చుంది. సాయంత్రం ఆ రోజు తీసినది చూసుకుంది. అందులో సుభాషిణి రాయి మీద కూర్చుని బిడ్డను తిట్టినట్టు తన మోకాలిని తిడుతోంది. నవత అది మూడుసార్లు చూసి, మేకప్ అమ్మాయి దగ్గరికెళ్లి ఇసుక డబ్బా అడిగి తీసుకుని, ఇసుకను ఇసుకలో పారబోసింది. రాత్రి అందరూ దారి పక్కనే పడుకున్నారు. మరుసటి పొద్దున తనూ బూట్లు బిగించుకుంది.

సంగతి ఫోన్లలో పాకిపోయింది. ముడుపు తీసుకుంటున్నారట, ఏ దేవుడని అడగట్లేదట, నిజంగా నడుస్తున్నారట. చివరి మాట మీదే అందరికీ ఆశ్చర్యం. ఇంతకుముందు నడవలేదని వాళ్లకు తెలియదుగా, అయినా ఎందుకో ఆశ్చర్యం. మంగళవారం దారి పొడవునా మనుషులు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియా నుంచి సామాను తెచ్చిన లారీవాడు బండి ఆపి పరిగెత్తుకొచ్చి, నారింజ రంగు సేఫ్టీ జాకెట్ అంచు చింపి కట్టిన మూట ఇచ్చాడు. టీ కొట్టు మలయాళీ డబ్బులు తీసుకోకుండా కరక్ చాయ్ పోసి, తన మూట కూడా ఒకటి చేర్చమన్నాడు. ఎవరి మూట ఎవరిదో మరిచిపోకుండా ఫరాజ్ చీటీల మీద పేరూ కోరికా రాసి గుచ్చాడు. ఒకడికి ఇల్లు పూర్తి కావాలి. ఒకడికి నడుంనొప్పి పోవాలి. ఒకడు తమ్ముడితో మాటలు కలవాలన్నాడు. లాల్ అహ్మద్ చాలాసేపు తటపటాయించి తనదీ ఇచ్చాడు. అతని కూతురు సబీనా రాయచోటిలో కారు నడిపే పరీక్ష మూడుసార్లు తప్పింది.

"డ్రైవర్ కూతురు మా. ఊర్లో తల ఎత్తుకోలేకుండా ఉండా" అన్నాడు.

సుభాషిణి నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. అంత నొప్పిలోనూ ఇంతగా ఎప్పుడు నవ్విందో ఆమెకు గుర్తు రాలేదు. సీరియళ్లలో అత్తగారి నవ్వు వేరే రకం, దానికి వెనక మేళం కూడా ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నానికి జెట్టీ నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఆమె కూలబడింది. మోకాలు కాదు, పాదం. బూటు విప్పితే మేజోడు చర్మానికి అంటుకుని ఉంది. మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ పగిలి ఉంది, వేళ్లన్నీ ఉబ్బాయి, గులాబీ గోరు ఒకటి నల్లబడింది. పడవకు రెండున్నర గంటలుంది. ఆమె లేవబోయింది, మళ్లీ కూర్చుంది. మూటల సంచి ఒళ్లో పెట్టుకుని, నా వల్ల కాదేమో అని మొదటిసారి పైకి అంది.

సరిగ్గా అప్పుడే వచ్చింది గౌరవ్వ. పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఎవరి బండో పట్టుకుని, చూసి పోదామని వచ్చింది. వచ్చి పాదం చూసి నిలబడిపోయింది.

ఆమె నోరు తెరిచేలోగా సుభాషిణి మాట్లాడింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. కెమెరా నడుస్తోందని తెలుసు, నవత వింటోందని తెలుసు.

"గౌరవ్వా, ఆ రోజు నా కాళ్లు నున్నగా ఎందుకున్నాయో తెలుసా? నేను నడవలేదు. వ్యాన్‌లో వచ్చాను. ఆ దుమ్ము కూడా పూసిందే. దేవుడు ఎత్తుకు రాలేదమ్మా, లాల్ అహ్మద్ తీసుకొచ్చాడు. నీ ముడుపు పట్టుకున్నాకే వెనక్కి వెళ్లి మొదటి నుంచీ నడిచాను. నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు. వేరే ఎవరికైనా ఇచ్చుకుంటానంటే ఇదిగో."

గౌరవ్వ ఆమె ముందు కూర్చుంది. చంకలోని సీసాలో నీళ్లు ఆ పాదం మీద మెల్లగా పోసింది. కొంగు చివర చింపి మడమకు చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ చెప్పింది.

"మా ఆయన రోజు పొద్దుమీకి ఫోన్ జేస్తడు. తిన్నవా అంటే తిన్న అంటడు. తినడు. నాకెరుకే. కని తిన్న అని నాకు జెప్పిండు గదా, ఆ మాట దప్పొద్దని ఫోన్ వెట్టినంక లేసి రెండు రొట్టెలన్న తింటడట. ఆయన రూమోడు జెప్పిండు. పదకొండేండ్ల సంది గట్లనే బతికిండు నా మొగడు. అబద్దమాడి ఆడనే కూసుంటే తప్పమ్మా. నువ్వు లేసి నిజం జేసినవ్."

ముడి బిగించి, చేతులు దులుపుకుని లేచి నిలబడింది.

"ముడుపు నువ్వే పట్టుకో. నిన్ను నేను పట్టుకుంట. లే."

సుభాషిణికి అప్పుడు వచ్చిన ఏడుపు గ్లిజరిన్ లేకుండా వచ్చిన ఏడుపు. ఏడుస్తూనే లేచింది. ఒక పక్క గౌరవ్వ, ఇంకో పక్క ఫరాజ్, ముందు పాడుకుంటూ రాజశేఖర్, వెనక ఖాళీ వ్యాన్. ఆ నాలుగు కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. దారి పొడవునా గౌరవ్వ పాత సీరియల్ సంగతులు తవ్వి, ఆ పాయసంలో ఉప్పు ఎందుకు పోసినవ్, ఆ పిల్ల నీకేం జేసింది అని నిలదీస్తూనే ఉంది. సుభాషిణి జవాబు చెప్పుకుంటూ నడిచింది. కథ రాసినవాళ్ల మీదికి నెట్టేద్దామని చూస్తే గౌరవ్వ ఒప్పుకోలేదు, పోసిన చెయ్యి నీదే గదా అంది.

జెట్టీ మీద ఇంకో చిక్కు వచ్చింది. పడవ ముందు సుభాషిణి ఆగిపోయింది. పడవా బండి లాంటిదే కదా, ఎక్కితే ముడుపు ఏమవుతుంది అని. అందరూ గౌరవ్వ వంక చూశారు. వాళ్ల ఊళ్లో సముద్రం లేదు కాబట్టి ఆమె దగ్గర దానికి నియమం లేదు. లాల్ అహ్మద్ గొంతు సవరించుకున్నాడు.

"నీళ్ల మీద నడిచినాయన ఒక్కడే మా. మనబోటోళ్లం పడవెక్కక తప్పదు."

రాజశేఖర్ ఆమెన్ అన్నాడు. పాత యాత్రికులు వచ్చింది కూడా పడవల మీదే కదా. ఎక్కారు. అనుమతి కాగితంలో పేరు లేదు కాబట్టి గౌరవ్వ ఒడ్డునే ఉండిపోయింది. పడవ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

దీవి మీద మఠం దాకా మళ్లీ నడక. చివరికి చేరేసరికి ఎండ పసుపురంగులోకి తిరిగింది. గుడి లేదు, గంట లేదు, విగ్రహం లేదు. మోకాలెత్తు రాతి గోడలు, చిన్న చిన్న గదుల గుర్తులు, ఒక చెట్టు, గాలి. ముప్పై ఏడు మూటల సంచితో సుభాషిణి ఒక గోడ ముందు నిలబడింది. ఒక మూట తీసి గోడ మీద పెట్టబోయింది. సెక్యూరిటీ మనిషి పరుగున వచ్చాడు. సన్నటి యువకుడు, పెద్ద టోపీ. ఇక్కడ ఏమీ వదలకూడదు, రాళ్లు తాకకూడదు అని హిందీలో చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు, కానీ కదల్లేదు.

అంత దూరం మోసుకొచ్చిన మూటలను ఏం చేయాలి? నవత కాగితాలు తిరగేసింది, ఏ కాగితంలోనూ ముడుపుల సంగతి లేదు. సుభాషిణి ఒక్క క్షణం ఆలోచించింది. వదలకూడదు, తాకకూడదు. చెప్పకూడదని అనలేదుగా. ఆమె దగ్గర పదిహేడేళ్లుగా ఒకటే ఆస్తి ఉంది, మూడు వీధులకు వినిపించే గొంతు. ఊపిరి నిండా గాలి పీల్చుకుని మొదటి చీటీ తీసింది.

"రువైస్ గౌరవ్వ. మొగుడు పర్శరాములు. ముదీర్ సంతకం పెట్టాలి, ఇద్దరూ ఒక కప్పు కింద ఉండాలి."

ఆ గొంతుకు గోడల మీది పిట్టలు లేచాయి. ఆమె ఆగలేదు. రాయచోటి సబీనా, కారు పరీక్ష. షార్జా లారీ డ్రైవర్, తమ్ముడితో మాటలు. టీ కొట్టు మలయాళీ, తల్లి కంటి ఆపరేషన్. కోడళ్ల మీద అరిచిన గొంతే, అదే ఎత్తు, అదే విరుపు. అయినా వింటున్న ఫరాజ్ ఈసారి నవ్వలేదు. రాజశేఖర్ ప్రతి పేరు చివరా ఆమెన్ అంటూ వచ్చాడు. ముప్పై ఏడూ పూర్తయ్యేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఒళ్లంతా తేలికగా ఉంది. ఇంత సంతోషం ఆమెకు ఏ అవార్డు వచ్చినప్పుడూ కలగలేదు. ఆ మాట అక్కడే నవతతో అనేసింది కూడా.

చీటీలు సంచిలో సర్దుకుంటుంటే సెక్యూరిటీ మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఈసారి హిందీ కాదు, తెలుగు.

"అమ్మా, మాది నెల్లూరు పక్కన. నాదొకటి చెప్తారా? నా దగ్గర మూట లేదు."

"మూట ఎందుకు నాయనా. కోరిక చెప్పు."

"కోరికంటే ఏమీ లేదమ్మా. నా పేరు మీరా హుస్సేన్. నాలుగేళ్లుగా ఈడ అందరూ నన్ను సెక్యూరిటీ అంటారు. మా అమ్మ ఉన్నప్పుడు వీధి చివర దాకా ఇనపడేట్టు పిలిచేది. మీ గొంతు అట్నే ఉండాది. ఒక్కసారి పిలవండి, చాలు."

సుభాషిణి గొంతులో ఇక ఏమీ మిగల్లేదు. అయినా నడుం మీద చెయ్యి పెట్టుకుంది, సముద్రం వైపు తిరిగింది, అన్నం చల్లారిపోతుంటే వీధిలోకొచ్చి కొడుకు కోసం కేకేసే తల్లిలా పిలిచింది.

"ఒరేయ్, మీరా హుస్సేన్."

మూడడుగుల దూరంలో నిలబడిన ఆ పిల్లవాడు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, వీధి చివరి నుంచి పలికినట్టు గట్టిగా పలికాడు.

"వస్తుండా మా."